భవనం అప్పు తీర్చడానికి మూడు ప్రతిపాదనలు: దేనికి చెయ్యెత్తాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెడతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీ నగర కౌన్సిల్ 11 ఏళ్ల కిందట అప్పు చేసి పరిపాలనా భవనం, దాన్ని ఆనుకుని ఒక సభామందిరం కట్టింది. ఆ అప్పులో అసలు ఇంకా 60 కోట్లు మిగిలి ఉంది. వడ్డీ 8 శాతం, గడువు ఇంకా 9 ఏళ్లు. వచ్చే నెల సమావేశానికి మూడు ప్రతిపాదనలు వస్తున్నాయి. మొదటిది, అప్పును ఇప్పుడున్నట్టే కడుతూ అందుకోసం ఆస్తి పన్ను పెంచడం. రెండోది, 7 శాతానికి కొత్త అప్పు తెచ్చి పాతది మూసేసి, కొత్తదాన్ని 25 ఏళ్లకు సాగదీయడం. మూడోది, ఖాళీ స్థలం ఒకటి అమ్మి, తక్కువ పడితే నిల్వ నిధుల్లోంచి తీసి, మొత్తం ఒకేసారి వదిలించుకోవడం. మీరు కౌన్సిలర్‌గా మొదటిసారి గెలిచారు. రెండోదే అందరికీ నచ్చేలా ఉందని, కానీ ఎక్కడో తేడా కొడుతోందని రాశారు.

మీ అనుమానం నిజమే. నేను పురపాలక లెక్కల విభాగంలో పాతికేళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు తయారుచేసిన పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి ఎక్కడ ఏం దాస్తారో కొంత తెలుసు.

ముందు అంకెలు. ఏడాదికోసారి సమాన వాయిదా కడతారనుకుని లెక్క వేశాను. మీది ఆర్నెల్లకోసారి అయితే కాస్త అటూ ఇటూ అవుతుంది, కథ మాత్రం మారదు.

ఇప్పుడున్న అప్పు ఉన్నట్టే కడితే ఏడాదికి 9.6 కోట్లు. తొమ్మిదేళ్లలో మొత్తం 86.4 కోట్లు కట్టి బయటపడతారు. రెండో ప్రతిపాదన ప్రకారం 7 శాతానికి 25 ఏళ్లకు మారిస్తే ఏడాదికి 5.15 కోట్లు. అంటే ఏటా దాదాపు నాలుగున్నర కోట్లు 'మిగులుతుంది'. మీకు ఇచ్చిన నోట్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది ఈ అంకే అయి ఉంటుంది. మొత్తం ఎంత కడతారో ఉండదు. నేను చెబుతాను: 128.7 కోట్లు. వడ్డీ రేటు ఒక శాతం తగ్గినా చివరికి 42 కోట్లు ఎక్కువ కడుతున్నారు.

ఇంకో అంకె ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. తొమ్మిదేళ్ల తర్వాత ఏం జరుగుతుంది? పాత దారిలో అప్పు సున్నా. కొత్త దారిలో తొమ్మిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా ఇంకా 48.6 కోట్ల అసలు అలాగే ఉంటుంది. మొదటి ఏడాది కట్టే 5.15 కోట్లలో 4.2 కోట్లు వడ్డీకే పోతాయి, అసలులో తరిగేది 95 లక్షలు. ఈ ముక్క విన్నాక కూడా రెండోదానికే చెయ్యెత్తే సభ్యులుంటారు. వాళ్ల లెక్క వేరు, వచ్చే ఎన్నికల దాకా ఏడాదికి నాలుగున్నర కోట్లు చేతిలో ఆడతాయి. ఆ తర్వాత ఎవరుంటారో ఎవరికి తెలుసు.

ఒక సంగతి చెప్పాలి. ఊరి పేరు వద్దు. ఒకసారి ఇలాంటి ప్రతిపాదనే స్థాయీ సంఘం ముందుకు వచ్చింది. సలహాదారు స్క్రీన్ మీద పట్టిక వేశాడు: సంవత్సరం, పాత వాయిదా, కొత్త వాయిదా, ఆదా. నాలుగు నిలువు వరుసలు. మొదటి తొమ్మిది వరుసల్లో ఆదా గడి ఆకుపచ్చ రంగులో మెరుస్తోంది. పదో వరుస రాకముందే పేజీ మార్చేశాడు. వెనక బెంచీలో కూర్చున్న ఒక సీనియర్ సభ్యురాలు, ఆవిడ టీచరుగా చేసి వచ్చారు, చేతిలో చిన్న క్యాలిక్యులేటర్ పెట్టుకుని "బాబూ, పదో ఏడు చూపించు" అన్నారు. పదో ఏడు నుంచి పాత వాయిదా గడిలో సున్నా, కొత్త వాయిదా గడిలో అదే అంకె. ఆదా గడి ఎర్రగా అయింది, అక్కణ్నుంచి చివరిదాకా ఎరుపే. పట్టిక తయారుచేసింది మా విభాగమే, ఎర్ర వరుసలు మేమే పెట్టాం, వాటిని రెండో పేజీలోకి నెట్టింది కూడా మేమే. అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా నేను చెప్పే మొదటి మాట: పూర్తి షెడ్యూల్ ఒకే కాగితం మీద అడగండి, చివరి వాయిదా దాకా, అడుగున మొత్తాలతో సహా.

అప్పు సాగదీయడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. భవనం ఎన్నాళ్లు పనికొస్తుందో అన్నాళ్లు దాన్ని వాడుకునేవాళ్లంతా తలా కొంచెం కట్టడం న్యాయమే. అరవై ఏళ్లుండే భవనం ఖర్చు మొత్తం ఈ పదేళ్ల పన్ను కట్టేవాళ్ల నెత్తిన రుద్దడం కూడా ఒక రకం అన్యాయం. కానీ భవనం అంటే గోడలు ఒకటే కాదు కదా. గోడలు అరవై ఏళ్లుంటాయి, లిఫ్టులు, ఏసీ యంత్రాలు, వైరింగు, పైకప్పు మీద వాటర్‌ప్రూఫింగు అన్నాళ్లు ఉండవు. వాటిలో చాలావాటిని ఇరవై, పాతికేళ్ల లోపే మార్చాల్సి వస్తుంది. మీ భవనానికి ఇప్పటికే 11 ఏళ్లు. ఇంకో 25 కలిపితే 36. ఆ లోపల కనీసం ఒక పెద్ద మరమ్మతు ఖాయం, దానికి మళ్లీ అప్పు. అప్పుడు ఒకే భవనం మీద రెండు అప్పులకు వాయిదాలు కడుతూ ఉంటారు.

నేను పనిచేసిన ఒక భవనంలో ఇది కళ్లారా చూశాను. రికార్డు గదిలో వానాకాలం వస్తే అల్మరాల మీద ప్లాస్టిక్ బకెట్లు పెట్టేవాళ్లం. ఉదయం రాగానే అటెండరు మొదటి పని వాటిలో నీళ్లు పారబోయడం. ఆ అల్మరాల్లో ఒకదాంట్లోనే ఆ భవనం తాలూకు రుణ పత్రాలు ఉండేవి, ఇంకా 12 ఏళ్ల వాయిదాలు మిగిలి ఉన్నాయి. మరమ్మతుకు డబ్బులేవని అడిగితే 'రుణ వాయిదాలకే సరిపోవడం లేదు' అని జవాబు.

ఇది చిన్న ఊళ్ల గొడవే అనుకోకండి. అమెరికాలో సియాటిల్ నగరంలో కింగ్‌డోమ్ అనే స్టేడియం ఉండేది, కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ప్రజాధనంతో కట్టింది, 1976లో తెరిచారు. 1994లో పైకప్పు పలకలు ఊడి పడితే మరమ్మతుకు మళ్లీ భారీగా ఖర్చు పెట్టారు. 2000 మార్చి 26న పేలుడు పదార్థాలు పెట్టి దాన్ని కూల్చేశారు. దాని మీద అప్పు మాత్రం 2015లో గానీ తీరలేదు. పదిహేనేళ్లు లేని భవనానికి వాయిదాలు కట్టారన్నమాట. కెనడాలో మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం కథా అంతే, 1976 ఆటల కోసం కట్టారు, పొగాకు మీద ప్రత్యేక పన్ను వేసి తీరుస్తూ తీరుస్తూ 2006కి పూర్తి చేశారు. ముప్పై ఏళ్లు. అయితే ఒక విషయంలో నేను వాళ్లను మెచ్చుకుంటాను: ఆ అప్పుకు ఫలానా పన్ను అని ఒకదాన్ని కట్టిపడేశారు, అది ఆలస్యంగానైనా పని పూర్తి చేసింది. దీని సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు రెండో ప్రతిపాదనను కొంచెం న్యాయంగా చూద్దాం. 7 శాతానికి అప్పు దొరుకుతోందన్నది మంచి వార్తే. గడువు పెంచకుండా అదే తొమ్మిదేళ్లకు మారిస్తే? ఏడాదికి 9.2 కోట్లు. ఇప్పటికంటే ఏటా దాదాపు 40 లక్షలు తక్కువ. రేపు వచ్చే రూపాయి ఈ రోజు రూపాయంత విలువ చేయదు కాబట్టి, ఆ తొమ్మిదేళ్ల ఆదాను 7 శాతం చొప్పున తగ్గించి ఈనాటి విలువకు మార్చితే సుమారు 2.58 కోట్లు. ఇది నిజమైన ఆదా, రేటు తగ్గినందువల్ల వచ్చింది. మిగతా నాలుగు కోట్ల 'ఆదా' అంతా గడువు సాగినందువల్ల కనిపించేది, అది ఆదా కాదు, వాయిదా.

కానీ ఆ 2.58 కోట్లలోంచి ఖర్చులు తీసెయ్యాలి. పాత అప్పు ముందే మూసేస్తే ప్రీపేమెంట్ పెనాల్టీ ఉందా? ఒక శాతం ఉన్నా 60 లక్షలు. కొత్త అప్పుకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, బాండ్లయితే రేటింగ్ ఖర్చు, సలహాదారు ఫీజు, అన్నీ కలిపి ఓ 40 లక్షలనుకుందాం. మిగిలేది 1.58 కోట్లు, అసలులో 2.6 శాతం. అమెరికాలో ప్రభుత్వ ఆర్థికాధికారుల సంఘం వాళ్లు, నికర ఆదా కనీసం 3 నుంచి 5 శాతం ఉంటేనే పాత అప్పును కొత్తదానితో మార్చడం గురించి ఆలోచించమంటారు. ఆ కొలత ప్రకారం మీది అంచు దాటదు. నేనైతే దాన్ని శిలాశాసనంలా చూడను, కానీ దాని వెనకున్న ఇంగితం మంచిదే: ఇంత హడావిడికి ఇంత తక్కువ ఆదా వస్తుంటే, లాభపడేది సలహాదారే.

అందుకని అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. ఇప్పుడున్న రుణదాత దగ్గరికే వెళ్లి, బయట 7 శాతానికి ఇస్తున్నారు, మీరు తగ్గిస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. తొమ్మిదేళ్లు క్రమంగా కట్టే ఖాతాను పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఏడున్నరకు వచ్చినా పెనాల్టీ, ఫీజులు తప్పుతాయి. ఈ ఉత్తరం రాశారా అని కమిషనర్‌ను సమావేశంలో అడగండి. రాయలేదనే జవాబు వస్తే ఆశ్చర్యపోకండి.

రెండో ప్రతిపాదనలో మరో రెండు చోట్ల చూసుకోండి. ఒకటి, మొదటి రెండు మూడేళ్లు మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని విరామం, పెట్టారా? ఆ కాలంలో వడ్డీ మాఫీ కాదు, అసలుకు కలుస్తుంది. ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే కాలిఫోర్నియాలో పోవే అనే చోట పాఠశాలల బోర్డు ఉదాహరణ ఉంది. 2011లో బడి భవనాల కోసం 10.5 కోట్ల డాలర్లు తెచ్చారు. ఇరవై ఏళ్ల దాకా ఏమీ కట్టక్కర్లేదు, పన్ను పెంచక్కర్లేదు. ఆ తర్వాత 2051 దాకా కట్టాల్సింది మొత్తం దాదాపు 100 కోట్ల డాలర్లు. అసలుకు తొమ్మిది రెట్లు పైనే. సంతకాలు పెట్టినవాళ్లెవరూ మొదటి వాయిదా నాటికి కుర్చీల్లో ఉండరు. 2013లో ఆ రాష్ట్రం చట్టం తెచ్చి, అలాంటి అప్పుల గడువు 25 ఏళ్లు మించకూడదని, మొత్తం చెల్లింపు అసలుకు నాలుగు రెట్లు దాటకూడదని కట్టడి చేసింది. నాలుగు రెట్లు కూడా నా దృష్టిలో ఎక్కువే.

రెండోది, ఆ 7 శాతం స్థిరమా, ఫ్లోటింగా, అంటే మార్కెట్‌ను బట్టి మారేదా? ఫ్లోటింగ్ అయితే నా లెక్కలన్నీ చించి అవతల పారేయండి. నగర పాలన చేతిలో వడ్డీ రేటును పట్టి ఆపే సాధనం ఏదీ లేదు, పన్నులేమో ఏడాదికోసారే, అదీ గొడవపడి పెంచుతారు. అలబామాలోని జెఫర్సన్ కౌంటీ మురుగునీటి పనుల కోసం 300 కోట్ల డాలర్లకు పైగా అప్పు చేసి, చాలా భాగాన్ని మారే వడ్డీలోకి, వడ్డీ మార్పిడి ఒప్పందాల్లోకి తిప్పింది. 2008 సంక్షోభంలో అవన్నీ ఒకేసారి తిరగబడ్డాయి. 2011 నవంబరులో కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే అది. ఎవరైనా 'స్వాప్' (ఆ వడ్డీ మార్పిడి ఒప్పందమే) అనే మాట ఎత్తితే, అది అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే వద్దనడానికి ఆ కారణం చాలు.

ఇక మూడో ప్రతిపాదన. స్థలం అమ్మి అప్పు తీర్చడం అనగానే చాలామందికి కోపం వస్తుంది, ఆస్తులు తెగనమ్ముతున్నారని. నాకు అంత కోపం రాదు. ఒక్కసారి వచ్చే డబ్బును ఒక్కసారి తీరే అప్పుకు వాడడం లెక్కల దృష్టిలో సరైన పనే. అదే డబ్బును జీతాలకు, కరెంటు బిల్లులకు వాడితే అప్పుడు కోపం రావాలి. కానీ మొత్తం 60 కోట్లూ అలా తీర్చాలన్న తొందర ఎందుకు? తొందరలో అమ్మే స్థలానికి ధర రాదు, కొనేవాడికి మీ అవసరం తెలిసిపోతుంది. ఆ స్థలం పదేళ్లలో బడికో, నీళ్ల ట్యాంకుకో అవసరం రాదని పట్టణ ప్రణాళిక విభాగం రాసిచ్చిందా? బహిరంగ వేలమా, చర్చల మీద అమ్మకమా? చర్చల మీద అంటే నేనైతే అక్కడే ఆగిపోతాను.

నిల్వ నిధుల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. డిపాజిట్ మీద 6 శాతం వస్తుంటే, అప్పు మీద 8 శాతం కడుతున్నాం కదా, తీర్చేస్తే 2 శాతం లాభం కదా అని ఎవరో ఒకరు అంటారు. ఇంట్లో అయితే ఆ లెక్క బాగానే ఉంటుంది. నగర పాలనలో పన్ను వసూళ్లు ఏడాదిలో కొన్ని నెలల్లోనే వస్తాయి, జీతాలు మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. కనీసం రెండు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండాలన్నది ఈ రంగంలో మామూలుగా చెప్పే కొలత. దాన్ని ఊడ్చేసి అప్పు తీర్చారనుకోండి, ఒక తుఫానో, వసూళ్లు ఆలస్యమో వస్తే మళ్లీ ఓవర్‌డ్రాఫ్ట్‌కు పరిగెత్తాలి, అది 8 శాతానికి దొరకదు. పైగా 'నిల్వ' అని చూపించే డబ్బులో ఎంత భాగం ఇప్పటికే వేరే పనులకు కేటాయించిందో చూసుకోండి. కాంట్రాక్టర్ల డిపాజిట్లు, గ్రాంట్ల డబ్బు, ఉద్యోగుల పింఛను వాటా, ఇవన్నీ బ్యాంకు ఖాతాలో ఒకే అంకెగా కనిపిస్తాయి. అవి మీ డబ్బు కాదు. నేను చూసిన నిల్వల్లో నిజంగా ఖర్చు పెట్టగలిగింది సగం కూడా ఉండేది కాదు.

కాబట్టి మూడోదాంట్లోంచి ఒక్క ముక్క తీసుకోండి. స్థలం నిజంగా అక్కర్లేనిదై, వేలంలో 15 కోట్లు వచ్చిందనుకుందాం. దాన్ని నేరుగా అసలుకు జమ చేసి, మిగిలిన 45 కోట్లను అదే తొమ్మిదేళ్లలో పాత 8 శాతానికే కట్టినా వాయిదా 9.6 నుంచి 7.2 కోట్లకు దిగుతుంది. రుణదాత 7 శాతానికి ఒప్పుకుంటే 6.9. గమనించండి, వాయిదాను దించింది అసలు తగ్గడం, వడ్డీ రేటు తగ్గడం కాదు. రేటు గురించి గంట చర్చ జరుగుతుంది, దాని విలువ ఏడాదికి 30 లక్షలు. స్థలం గురించి పది నిమిషాలు, దాని విలువ 2.4 కోట్లు.

స్థలం అమ్మడం కుదరకపోతే, పన్ను అంత పెంచడానికి సభ ఒప్పుకోకపోతే, గడువును మూడేళ్లు పెంచే దారి ఉంది. 60 కోట్లు, 7 శాతం, 12 ఏళ్లు: ఏడాదికి 7.55 కోట్లు, మొత్తం 90.6 కోట్లు. ఇప్పటి దారికంటే 4 కోట్లు ఎక్కువ, కానీ 42 కోట్లు కాదు. భవనానికి 23 ఏళ్లు వచ్చేసరికి అప్పు తీరుతుంది, సరిగ్గా పెద్ద మరమ్మతులు మొదలయ్యే వేళకు చేతులు ఖాళీగా ఉంటాయి. పాతికేళ్లకు, తొమ్మిదేళ్లకు మధ్య ఇంకేమీ లేనట్టు మీ నోట్ రాశారు చూశారా, అది చేసినవాళ్లకు ఏం కావాలో అందులోనే ఉంది.

ఇక మొదటి ప్రతిపాదన, పన్ను. ఇక్కడ అధికారులు తరచూ చేసే తప్పు, కావాల్సిన మొత్తానికి సరిగ్గా సరిపోయేలా పన్ను వేయడం. డిమాండ్, అంటే బిల్లు వేసిన మొత్తం, వేరు, వసూలు వేరు. మీ దగ్గర వందకు 80 వసూలవుతుందనుకుంటే, 9.6 కోట్లు చేతికి రావాలంటే 12 కోట్ల డిమాండ్ వేయాలి. 7.2 కోట్లకైతే 9 కోట్లు. ఆ తేడా ముందే చెప్పకపోతే రెండో ఏడాదే 'వసూళ్లు తగ్గాయి' అని మళ్లీ మీ ముందుకు వస్తారు. నిజానికి పన్ను రేటు పెంచే ముందు పాత బకాయిల జాబితా అడగండి, పైనుంచి మొదటి యాభై ఖాతాలు చాలు. చిన్న ఇళ్లవాళ్లు ఎక్కువగా కట్టేస్తారు, ఆ యాభైలో ఎవరుంటారో మీకే తెలుస్తుంది. ఒక్కోసారి పెంపు అవసరమే సగానికి తగ్గుతుంది.

పెంచక తప్పకపోతే దాన్ని మామూలు ఆస్తి పన్నులో కలిపేయవద్దు. బిల్లులో విడిగా ఒక లైను ఉండాలి: భవన రుణ సర్‌చార్జి, ఫలానా సంవత్సరంతో ముగుస్తుంది అని. జనం పన్నును తిట్టుకుంటారు, అయినా దేనికో, ఎప్పటిదాకానో తెలిస్తే కడతారు. అది వెళ్లే ఖాతా కూడా వేరుగా ఉండాలి. 1998లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ ప్రభుత్వ గ్యారంటీ లేకుండా 100 కోట్ల బాండ్లు ఇచ్చినప్పుడు, పది చెక్‌పోస్టుల ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను) వసూళ్లను ఎస్క్రో, అంటే ఒకే పనికి కేటాయించిన విడి ఖాతాకు కట్టేసింది. ఆ డబ్బు ముందు బాండ్లకు, తర్వాతే మిగతా వాటికి. అలా కట్టేయడం వల్ల అప్పిచ్చినవాడికి ధైర్యం, మనకు తక్కువ రేటు. దానికంటే నాకు నచ్చేది ఇంకోటి: ఏ మేయరైనా పండగ ముందు ఆ డబ్బు మీద చెయ్యి వేయలేడు.

సభామందిరం అద్దెలతో వాయిదా కట్టేస్తాం, పన్ను అక్కర్లేదు అని ఎవరో ఒకరు లేస్తారు, చూడండి. గడిచిన మూడేళ్ల అసలు వసూళ్లు అడగండి, అంచనాలు కాదు. అందులోంచి కరెంటు, శుభ్రం, కాపలా తీసేయండి. మిగిలింది వాయిదాకు కనీసం ఒకటింపావు రెట్లు ఉంటేనే ఆ మాట నమ్మండి. ఇంగ్లండ్‌లో వోకింగ్ అనే చిన్న కౌన్సిల్ అద్దెలు, వ్యాపారాల ఆదాయం మీద ఆశతో ఊరి నడిబొడ్డున హోటలు, ఫ్లాట్లు, దుకాణాల నిర్మాణానికి అప్పుల మీద అప్పులు తెచ్చింది. అప్పు 180 కోట్ల పౌండ్లు దాటింది. 2023 జూన్‌లో ఇక కొత్త ఖర్చులు పెట్టలేమని నోటీసు ఇచ్చింది. చేతిలో ఉన్న ప్రధాన నిధులు 1.6 కోట్ల పౌండ్లు, చూపించిన లోటు 120 కోట్లు. అక్కడ చట్టం ప్రకారం కౌన్సిళ్లు అప్పు అసలు కోసం ఏటా కొంత పక్కన పెట్టాలి. ఆ పక్కన పెట్టాల్సిందే సంవత్సరాల తరబడి తగినంత పెట్టలేదని తర్వాత తేలింది. బడ్జెట్ మాత్రం ప్రతి ఏటా సరిపోయినట్టే కనిపించింది.

ఒప్పందంలో తాకట్టు ఏమిటో కూడా చదవండి, ఈ పేజీ ఎవరూ చదవరు. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ నగరం కొత్త సిటీ హాల్ కోసమని 2007లో ఎనిమిది అంతస్తుల భవనం కొంది. వాయిదాలు ఆగిపోయేసరికి 2012లో ఆ భవనాన్ని, మూడు పార్కింగ్ భవనాలను బాండ్లు కొన్నవాళ్ల తరఫున చూసుకునే ట్రస్టీ బ్యాంకు స్వాధీనం చేసుకుంది. సిటీ హాల్ అందులోకి మారనేలేదు. మీ కొత్త అప్పుకు భవనంతో పాటు ఇంకేవైనా ఆస్తులు, మార్కెట్ దుకాణాలు, నీటి చార్జీల ఖాతా లాంటివి జత చేశారేమో చూడండి. 25 ఏళ్ల అప్పుకు ఇలాంటివి అదనంగా అడగడం మామూలే.

రెండో ప్రతిపాదన గెలిచే అవకాశమే ఎక్కువని నాకూ తెలుసు. సంఖ్యాబలం వాళ్ల దగ్గర ఉంటే మీరు ఒక్కరు ఆపలేరు. అప్పుడు కనీసం ఒక సవరణ పెట్టండి: ఏటా 'మిగిలే' నాలుగున్నర కోట్లు మామూలు ఖర్చుల్లో కలవకూడదు, ఆ భవనం మరమ్మతు నిధికో, ముందస్తు చెల్లింపుకో మాత్రమే వెళ్లాలి, ముందస్తు చెల్లింపుకు పెనాల్టీ ఉండకూడదు. దీర్ఘకాలపు అప్పు డబ్బు రోజువారీ ఖర్చుల్లోకి జారడం మొదలైతే ఎక్కడికి పోతుందో న్యూయార్క్ 1975లో చూపించింది. బ్యాంకులు ఇక అప్పివ్వమనేసరికి, ఆ అక్టోబరులో ఉపాధ్యాయుల పింఛను నిధి బాండ్లు కొనడానికి ఒప్పుకున్నాకే దివాలా గంటల తేడాలో తప్పింది. అంత పెద్ద ఊరే ఆ గతి పట్టింది.

ఆ సవరణ మీద ఓడిపోయినా మీ అభ్యంతరం మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, రాయించండి, నోటితో చెప్పి కూర్చోవద్దు. పూర్తి వాయిదాల పట్టిక, 25వ ఏడు దాకా, మొత్తాలతో సహా, తీర్మానానికి అనుబంధంగా కుట్టించండి. అజెండా మీ చేతికి వచ్చిన రోజే కార్యదర్శికి ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి, సమావేశం రోజు అడిగితే జిరాక్స్ మిషన్ పాడైందంటారు.